డ్యాష్‌ప్యాడ్ బిగించేవాడు

సీట్లు తీసేసిన కారులో వెల్లకిలా పడుకుని, తల పెడళ్ల మధ్యకి దూర్చి, ఆర్విల్ స్టాంపర్ పైకి చూశాడు. ముక్కుకి నాలుగు అంగుళాల ఎత్తున తీగలు, రేకు అంచులు, నలభై ఏళ్ల దుమ్ము. కుడి చెయ్యి మోచేతి దాకా వాటి సందులోంచి పైకి పోనిచ్చి కళ్లు మూసుకున్నాడు. అక్కడ కళ్లతో పనిలేదు. వేళ్ల కొసలకి నట్టు తగిలింది. రెంచి ఆనించి తిప్పితే కీచుమని కదిలింది. రాలిన తుప్పు కనురెప్పల మీద పడింది.

"ఆరు," అన్నాడు తనలో తాను.

ఇంకొకటి తీస్తే పాత ప్యాడ్ ఊడి వచ్చేస్తుంది. ముందు అద్దం కింద ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా పరిచి ఉండే నల్లటి మెత్త అది. లోపల స్పాంజి, పైన తోలులా కనపడే ప్లాస్టిక్. ఎండకి ఎండీ ఎండీ మూడుచోట్ల నోళ్లు తెరిచింది. పగుళ్లలోంచి పసుపుపచ్చ పొడి రాలుతోంది. డెబ్బయ్యో సంవత్సరం మోడల్ కారు, ముదురాకుపచ్చ, బానెట్ మీద రెండు నల్ల చారలు. పళ్ల డాక్టరుగా రిటైరైన వీలాక్‌ది. శనివారం కార్ల ప్రదర్శనకి అది తయారుగా ఉండాలి. ఇవాళ శుక్రవారం.

ఈ పని ఆర్విల్‌దే. షాపులో ఇంకెవరూ ఇందులో దూరలేరు. అతను అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. ఎముకల మీద చర్మం అంటించినట్టుంటాడు. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనంత పొడుగు. అరచేతుల వెనక రేకు కోసిన తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి. అరవై ఏళ్లు నిండాయి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు పంతొమ్మిది.

అప్పుడు తియ్యడం కాదు, బిగించడం. ఫ్యాక్టరీలో గొలుసు మీద కార్లు కదిలి వస్తుంటే, ఒక్కోదానికి నిమిషం లోపల ప్యాడ్ బిగించి దూకెయ్యాలి. ఎదురు పక్క యూజీన్ అనే అతను బిగించేవాడు. ఒకరోజు యూజీన్ చెయ్యి తలుపు సందున పడి రెండు వేళ్లు పోయాయి. గొలుసు ఆగలేదు. యూజీన్ అరుస్తూ కారుతోపాటు నాలుగడుగులు నడిచాడు. ఆ నడక చూసి అందరూ నవ్వారు. ఆర్విల్ కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో తరవాత చాలాసార్లు ఆలోచించాడు గాని తెలియలేదు. ఆ మధ్యాహ్నం యూజీన్ వైపు నట్లు కూడా తనే బిగించాడు.

ఫ్యాక్టరీ మూసేశాక అతని భార్య నొరీన్ పదేళ్లు అతనితో ఉంది. "నీతో కాపురం ఖాళీ గదితో కాపురంలా ఉంది," అని ఒకరోజు చెప్పి, చెల్లెలి ఊరు వెళ్లిపోయింది. అతను బస్సు దాకా పెట్టె మోశాడు. ఏదో ఒకటి అనాలనిపించింది. బస్సు కదిలాక, "చలిగా ఉంది, కోటు వేసుకో," అన్నాడు.

ఏడో నట్టు ఊడింది. ఎడమ చెయ్యి మళ్లీ మొద్దుబారింది. రెండు నెలల నుంచి ఇదే వరస. మోచేతి నుంచి దవడ దాకా ఎవరో తడిగుడ్డ పిండినట్టు. పాదాలు బయటపెట్టి మెల్లిగా జరుగుతుండగా ప్యాంటు కాలులోంచి గాలి బుస్సుమని దూసుకొచ్చింది. ఉలిక్కిపడి లేచాడు. నుదురు స్టీరింగు కడ్డీకి కొట్టుకుంది.

"దొరికాడ్రోయ్ ముసలోడు!" పెయింటర్ లానీ గాలి పైపు పట్టుకుని పొట్ట ఊపుతూ నవ్వుతున్నాడు. "పిల్లి ఎగిరినట్టు ఎగిరాడు చూశావా కర్ట్!"

"నీ మొహం మండా," అన్నాడు ఆర్విల్ నుదురు రుద్దుకుంటూ. పదకొండేళ్లుగా జరుగుతున్నదే. లానీ పైపు పట్టడం, తను తిట్టడం, అందరూ నవ్వడం.

షాపు యజమాని కర్ట్ డ్రీసన్ ఆఫీసు గుమ్మంలో కాఫీ తాగుతున్నాడు. వాళ్ల నాన్న కాలం నుంచీ ఆర్విల్ ఇక్కడే ఉన్నాడు.

"కర్ట్, మూడింటికి క్లినిక్కి వెళ్లాలి. సోమవారమే చెప్పాను."

"ప్యాడ్ ఎక్కించెయ్, వెళ్దువుగాని."

"మూడు దాటితే చూడరట. ఆరు వారాలకి దొరికింది ఈ రోజు."

"ఆరు వారాలు ఆగినవాడివి, ఇంకో వారం ఆగలేవా? చచ్చిపోతావా ఏంటి?"

లానీ పకపకా నవ్వాడు. ఆర్విల్ కూడా ఓ పక్కకి పెదవి వంచాడు. నవ్వకపోతే బావుండదనిపించింది.

కొత్త ప్యాడ్ పెట్టెలో మడత పడి వచ్చింది. కుడి చివర అరంగుళం పైకి లేచి కూర్చోనంటోంది. ఇలాంటివి నొక్కి బిగిస్తే ఏడాదిలో పగులుతాయి. ఆర్విల్ జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చి, చంటిపిల్ల ఒళ్లు కాచినట్టు, దూరంగా, వేడి ఒకేచోట ఆగకుండా ఆడించాడు. ప్లాస్టిక్ మెత్తబడింది. అరచేత్తో నిమిరి వంచాడు. మళ్లీ కాచాడు, మళ్లీ నిమిరాడు. భోజనం మానేశాడు. రెండున్నరకి ప్యాడ్ తనంతట తానే ఒదిగి కూర్చుంది. అద్దానికీ దానికీ మధ్య వెంట్రుక పట్టదు. ఒక్క క్షణం దాని వైపు చూశాడు. ఎవరైనా పక్కనుంటే బావుండుననిపించింది.

అప్పుడే వీలాక్ వచ్చాడు. ఎర్రటి టోపీ, కొత్త బూట్లు. కర్ట్ అతని భుజం మీద చెయ్యి వేసి కారు దగ్గరికి తీసుకొచ్చాడు.

"చూడండి డాక్టరుగారూ, మా చెయ్యి పడితే ఎలా ఉంటుందో!"

వీలాక్ ప్యాడ్ మీద వేలు రాశాడు. "బ్రహ్మాండం. మరి తీసుకెళ్లొచ్చా?"

"నట్లు బిగించాలి. ఓ గంట. సీట్లు మేం ఎక్కించేస్తాం," అన్నాడు కర్ట్.

"కర్ట్," అన్నాడు ఆర్విల్. ముఖం మైనంలా ఉంది, చెమట గడ్డం కింద చుక్కలు కట్టింది. "రేపు పొద్దున్నే వచ్చి బిగిస్తాను. ఇప్పుడు వెళ్తాను. బాగాలేదు నాకు."

కర్ట్ నవ్వు చెదరనివ్వలేదు. "కస్టమరు ముందు ఏంటిది? వెళ్తే వెళ్లు. సోమవారం మాత్రం రాకు."

వీలాక్ టోపీ సర్దుకుని బానెట్ వైపు చూశాడు.

ఆర్విల్ రెంచి తీసుకుని మళ్లీ పెడళ్ల మధ్యకి దూరాడు. ఒకటి. రెండు. చేతికి పని దొరికితే నొప్పి కాస్త పక్కకి తప్పుకుంటుంది. నాలుగు. అయిదు. బయట ఇంజన్ల గురించి మాటలు, నవ్వులు. ఆరు. ఏడోది కుడి మూలన, అన్నింటికంటే లోపల. భుజం రేకుకి ఒరుసుకునేలా చెయ్యి సాచాడు. కళ్లు మూసుకున్నాడు. బోల్టు కొస వేలికి తగిలింది. నట్టు దాని మీద పెట్టాడు. అర చుట్టు తిరిగింది.

నాలుగున్నరకి లానీ వచ్చాడు. తలుపులోంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి.

"డాక్టరుగారూ, ఇలా రండి, తమాషా చూపిస్తా."

గాలి పైపు ప్యాంటు కాలులో పెట్టి నొక్కాడు. బట్ట బుడగలా ఉబ్బి టపటపలాడింది. కాళ్లు కదల్లేదు. వీలాక్ నవ్వాడు. లానీ రెండోసారి నొక్కాడు, ఈసారి ఎక్కువసేపు.

"మొండికేశాడు," అన్నాడు. "నిద్రపోయాడు ముసలి వెధవ!"

కర్ట్ వచ్చి బూటుతో మడమ మీద తట్టాడు. "ఏయ్ ఆర్విల్. క్లినిక్ మూసేశారులే, లే ఇంక."

పాదం తట్టినవైపే ఒరిగిపోయి అలాగే ఉండిపోయింది. లానీ చేతిలో పైపు ఇంకా బుసకొడుతోంది. ఆపాలని అతనికి తోచలేదు.

చీలమండలు పట్టుకుని బయటికి లాగారు. కుడి చెయ్యి తీగల్లో ఇరుక్కుంది. లాగితే ఎక్కడ గీత పడుతుందోనని కర్ట్, "మెల్లిగా, మెల్లిగా, ప్యాడ్ జాగ్రత్త!" అన్నాడు. అన్నాక ఎవరి ముఖమూ చూడలేదు. ఆంబులెన్సువాళ్లు వచ్చి, ఎప్పుడో అయిపోయిందన్నారు. గంట దాటిందన్నారు.

వీలాక్ టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు. ఆంబులెన్సు గేటు దాటేదాకా ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"అయ్యో పాపం. ఏమీ అనుకోకండి... మరి, రేపటి సంగతి?"

చివరి నట్టు బిగించడానికి లానీ ప్రయత్నించాడు. పొట్ట అడ్డొచ్చింది. కర్ట్ చెయ్యి దూరలేదు.

"పోనీలే," అన్నాడు కర్ట్. "అది బయటికి కనపడదుగా."

ఆరింటికి సీట్లు ఎక్కించారు. మర్నాడు ప్రదర్శనలో ఆ కారుకి లోపలి అలంకరణ కింద రెండో బహుమతి వచ్చింది. వీలాక్ రిబ్బను పట్టుకున్న ఫొటో పంపితే కర్ట్ ఆఫీసు గోడకి అంటించాడు.

సోమవారం కర్ట్ ఆర్విల్ అలమరా ఖాళీ చెయ్యమన్నాడు. దానికి తాళం లేదు. నొరీన్‌కి కబురు పెట్టడానికి నంబరు ఎవరి దగ్గరా లేదు. లానీ అట్టపెట్టె పట్టుకుని తలుపు తీశాడు. లోపల తీగ హేంగరుకి, జేబులో క్లినిక్ చీటీ పెట్టిన ఒకే ఒక తెల్లచొక్కా ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, మసి అంటకుండా పైన పల్చటి ప్లాస్టిక్ తొడిగి, మెడ దగ్గరి గుండీ కూడా పెట్టేసి ఉంది.