నాలుగు మడతల కొంగు

గంజి మరీ చిక్కగా ఉంటే చీర అట్టలా బిగుసుకుంటుంది. పలచగా ఉంటే స్టేజీ మీద రాణి మోకాళ్ళ మీద కూలబడేటప్పుడు కుచ్చిళ్ళు జారిపోతాయి. ఆ పదును హేమావతి చేతికి తెలుసు. ఆదివారం పొద్దున అందరికీ ఉగ్గాని చేసి పెట్టి, అత్త అంజనమ్మ మోకాళ్ళకు నూనె రాసి, పెరట్లో ఎర్రంచు నేతచీరను గంజిలో ముంచి పిండుతుంటే, భర్త ఉమామహేశ్వర గడపలో నిలబడి పళ్ళు తోముకుంటూ మాట కదిపాడు.

"బుధవారం మీ బడికి నేనొస్తాండా. మీ హెచ్చెం మేడం ఫోన్ చేసింది. ఆడపిల్లోల్లకు రాణి విలాపం చేసి చూపించాలంట."

ఆమె చీర పిండుతూనే ఉంది. అతను నందికొట్కూరు మార్కెట్ యార్డులో గుమాస్తా. ఊళ్ళో అతన్ని ఉమామహేశ్వర అని పిలిచేవాళ్ళు తక్కువ. పద్యనాటకాల్లో ఆడవేషం కడతాడు కాబట్టి అందరికీ రాణి మహేశ్వరే. తిరునాళ్ళకు, పరిషత్తు పోటీలకు మైదుకూరు దాకా, ఇంకా అవతల దాకా వ్యాన్లు వచ్చి తీసుకుపోతాయి. ముందు గదిలోని అద్దాల బీరువా నిండా షీల్డులు. వాటికి చోటు చాలక హేమావతి పుస్తకాలు అటక ఎక్కాయి. చీర కట్టుకోవడం మాత్రం అతనికి ఇప్పటికీ చేతకాదు. నాటకం ఉన్న రోజు బడి నుంచి రాగానే ఆమే కట్టి, కుచ్చిళ్ళు పోసి, పిన్నీసులు పెడుతుంది. అతను పైన దుప్పటి కప్పుకుని వ్యాన్ ఎక్కుతాడు. ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి లేవలేకపోతే అంజనమ్మ మంచం దగ్గరికొచ్చి, "లేచి ఆ నాలుగు కుచ్చిళ్ళు పోసి మళ్ళా పండుకోమ్మా. వానికి పేరొచ్చేది నీకు రాదా ఏంది" అంది. లేచి పోసింది.

ఆ చీర హేమావతిదే. మగ్గం మీద బతికిన తండ్రి రామలింగప్ప కూతురి సీమంతానికని తన చేతులతో నేసి పెట్టింది.

మరునాడు సోమవారం. తెల్లవారే శివుడి పటం ముందు దీపం పెట్టి బడికి వెళ్ళింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు తెలుగు ఆమే చెప్పాలి. పాఠం సరిగ్గా ఆ నాటకమే. కథ తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. యుద్ధ సమయంలో రాజు పొద్దు మునిగాక కోట తలుపు ఎవరు తట్టినా తీయకూడదని ఆజ్ఞ వేస్తాడు. ఆ రాత్రి అతని కొడుకే గాయాలతో వచ్చి తలుపు తడతాడు. రాజు మాట తప్పడు. తెల్లవారి తలుపు తీస్తే యువరాజు గడప బయట చచ్చి పడి ఉంటాడు. అప్పుడు రాణి ఏడుస్తుంది. అదే రాణి విలాపం.

ఆమె ముందు మాటలతో మొదలుపెట్టింది. బోర్డు మీద 'విషాదాంతం' అని రాసి, ఏడుపుతో ముగిసే నాటకమని చెప్పింది. 'స్వగతం' అంటే పాత్ర తనలో తాను అనుకునే మాట, చూసేవాళ్ళకు వినపడుతుంది గాని పక్కనున్న పాత్రలకు వినపడనట్టు లెక్క అని చెప్పేసరికి, రెండో బెంచీలోంచి కృపారాణి లేచింది. చర్చి వీధి పిల్ల. మనసులో మాట మనసులో ఉంచుకోదు.

"మా అవ్వ గిన్నెలు తోముకుంటా గొణుగుతాంటాది మేడం. మా తాత పక్కనే కూచోనుంటాడు, ఆయనకు వినపడదు. అదేనా?"

క్లాసంతా నవ్వింది. హేమావతికీ నవ్వొచ్చింది. అదేనంది. ఆ తర్వాత 'నేపథ్యం' రాసి, తెర వెనక జరిగేదంతా నేపథ్యమని, యువరాజు తలుపు తట్టే చప్పుడు తెర వెనక నుంచే వస్తుందని, అతను చనిపోవడం కూడా మనకు కనపడదని చెప్పింది. చివరగా 'విలాపం'. ఆ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. శోకాలు పెట్టడమని నలుగురైదుగురు ఒకేసారి అన్నారు.

ఇక ఇతివృత్తం. రాజధర్మానికీ పుత్రప్రేమకూ నడుమ నలిగిపోయిన రాజు వేదనే ఈ నాటకానికి ప్రాణమని పుస్తకంలో ఉంది. ఆమె అది చదివి వినిపించి, మరి తప్పెవరిదని పిల్లలను అడిగింది. రాజుదని కొందరు, శత్రువులదని కొందరు, తలరాతని కొందరు. కృపారాణి మళ్ళీ లేచింది. తలుపు తట్టింది రాణికీ వినపడింది కదా, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదెందుకని దాని అనుమానం. నాటకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. హేమావతి పుస్తకం తిరగేసింది. గంట కొట్టారు.

సాయంత్రం ఇంటికి వస్తూ, దారిలో గోంగూర కట్టలు తీసుకుంటూ, ఆమె ఒకటే ఆలోచించింది. బుధవారం అతను ఆ పిల్లల ముందు విలాపంలో ఆ చేతులు రొమ్ము మీద పెట్టకపోతే చాలు. ఊరూరా పెట్టుకోనీ. తిరునాళ్ళలో పెట్టుకోనీ. తన బడిలో, తన క్లాసులో, పొద్దున లేస్తే తన ముఖం చూసే పిల్లల ముందు మాత్రం వద్దు. ఈ ఒక్కటీ అడగాలి.

నాలుగేండ్ల కిందట కర్నూలు ఆసుపత్రిలో ఆమెకు మగబిడ్డ పుట్టాడు. ఒక పగలు, ఒక రాత్రి ఉన్నాడు. పేరు పెట్టలేదు. బిడ్డ పోయాక కూడా కుట్లు మానలేదని ఆమెను వార్డులోనే ఉంచారు. అక్కడ అందరూ బాలింతలే. పక్క మంచాల మీద బిడ్డలు ఏడుస్తుంటే వినలేక ఆమె వరండాలోకి వచ్చి ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎవరిదో బిడ్డను నర్సమ్మ అటుగా ఎత్తుకుపోతోంది. ఆ బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే హేమావతికి పాలు పొంగుకొచ్చి రవిక తడిసిపోయింది. చుట్టూ మగవాళ్ళు ఉన్నారు. ఆమె గబగబా కొంగును నాలుగు మడతలు పెట్టి, రెండు అరచేతులతో రొమ్ముకు అదుముకుని, ముందుకు వంగి, నోరు తెరిచింది గాని శబ్దం రాలేదు. ఊపిరి మాత్రం తెగి తెగి పోయింది. తల ఎత్తితే టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఉమామహేశ్వర నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. కళ్ళార్పకుండా చూస్తున్నాడు. నా మొగుడు నన్ను ఇంతగా ఎప్పుడూ చూడలేదే అని ఆ స్థితిలో కూడా ఆమెకు అనిపించింది.

మరుసటి ఏడు మైదుకూరు తిరునాళ్ళలో ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుని నాటకం చూస్తోంది. తెల్లవారింది, కోట తలుపు తీశారు, రాణి వచ్చింది. పద్యం సగంలో ఆగింది. రాణి రెండు అరచేతులూ రొమ్ముకు అదుముకుని ముందుకు వంగింది. నోరు తెరిచింది. శబ్దం రాలేదు. ఊపిరి తెగి తెగి పోయింది. జనం గుడ్లు అప్పగించి చూశారు. పక్కన కూర్చున్నామె ముక్కు చీది, "ఆడదానికంటే బాగా ఏడుస్తాండాడు సూడమ్మా" అంది. హేమావతి లేచి ఎక్కడికి పోతుంది? చుట్టూ జనం. కూర్చునే ఉంది. ఆ ఏడు అతనికి ఉత్తమ నటుడి షీల్డు వచ్చింది. కట్టుకున్న చీర కూడా ఆ సీమంతపు చీరే.

సోమవారం రాత్రి అన్నం పెడుతూ అడిగింది. విలాపం చెయ్యండి, పద్యం పాడండి, ఆ చేతులు మాత్రం వద్దు అంది.

అతను ముద్ద కలుపుతూ ఆగి, అది తీసేస్తే ఇంకేముందని అన్నాడు. అది గుండె పగిలే శోకమని, జడ్జీలు రాసిందే దాని గురించని అన్నాడు. అంజనమ్మ లోపలి నుంచే, అన్నం తినేటప్పుడు వాని మనసు చెడపొద్దని కేకేసింది.  అతను తల దించుకుని, మెల్లగా అన్నాడు.

"నేను ఏడ్సేది ఆ స్టేజీ మీదనే మే. ఇంగ యాడ ఏడ్సాల నేను?"

 అతను నిష్ఠూరంగా అని ఉంటే జవాబు చెప్పేది. కోపంగా అని ఉంటే ఊరుకునేది. నిజంగా అడిగాడు. బిడ్డ పోయినప్పుడు అతను కన్నీటి చుక్క రాల్చలేదు, అప్పు చేసి తెచ్చిన మందుల చీటీలు పట్టుకుని తిరిగాడు, ఇంటికొచ్చి పద్యాలు చదువుకున్నాడు. పాపం, ఆ దుఃఖం అతనికీ ఉంది. అది ఆమెకు తెలుసు. కానీ స్వామీ, అనుకుంది గిన్నెలు సర్దుతూ, ఆయన ఏడ్చేదానికి నా ఏడుపు తప్ప ఇంకొకటి దొరకలేదా? నేను ఏడ్చేదానికి ఇప్పుడు నాకేం మిగిలింది? ఆ తిరునాళ్ళ నుంచి ఆమె ఒక్కసారి కూడా అతని ఎదుట ఏడవలేదు. తండ్రి పోయినప్పుడు కూడా కళ్ళు తుడుచుకుంటూ తిరిగింది గాని కూర్చుని ఏడవలేదు. అతను వాకిట్లో నిలబడి తనవైపే చూస్తున్నాడు మరి.

బుధవారం అతను వచ్చాడు. ప్యాంటు చొక్కా మీదనే ఎర్రంచు చీర కొంగు కప్పుకుని, ఆ చేతులతో సహా చేశాడు. హెచ్చెం జ్ఞానమణి మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. అంత బాగా వచ్చింది. వార్షికోత్సవానికి ఆ ఘట్టం పిల్లలతోనే వేయించాలని, కృపారాణి రాణి అని, నేర్పించే బాధ్యత హేమావతిదని హెచ్చెం మేడం అక్కడికక్కడే తేల్చేసింది. ఉమామహేశ్వర కృపారాణిని పిలిచి చేతులు ఎక్కడ పెట్టాలో, ఎట్లా వంగాలో చూపించాడు.

శుక్రవారం క్లాసులో ఆ పిల్ల అందరి ముందు నిలబడి చేసింది. చున్నీ మీద రెండు చేతులూ పెట్టింది, వంగింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. కృపారాణి నవ్వలేదు. చేతులు అట్లాగే ఉంచి హేమావతి వైపు చూసింది.

"మేడం, యువరాజు పెద్దోడు గదా. మీసాలు గూడా ఉండాయి. రాణి ఈడ ఎందుకు పట్టుకుంటాది?"

శోకాన్ని తెలిపే అభినయం అని చెప్పాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంతకు ముందే ఆ పిల్ల మళ్ళీ అంది.

"మా అక్కకు బిడ్డ పోయినప్పుడు ఇట్లే పట్టుకునింది మేడం. పాలు కార్తాండాయని."

కిసుక్కుమన్న పిల్ల తల దించుకుంది. బయట మధ్యాహ్న భోజనం వండే చోట గరిటె చప్పుడవుతోంది. అన్ని ఊళ్ళ జనం, అందరు జడ్జీలు, ఇన్నేండ్లు చూశారు, ఒక్కరూ ఇది అడగలేదు. హేమావతి బల్ల అంచు పట్టుకుంది.

"అవును" అంది.

ఇంకేదైనా చెబుతుందేమోనని పిల్లలు చూశారు.  కృపారాణి చేతులు కిందికి దించి, ఇది నేను చెయ్యను మేడం, వేరేది చెప్పండి అని తన బెంచీలో కూర్చుంది.

ఆ రాత్రే మైదుకూరులో నాటకం. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి ఉమామహేశ్వర రవిక వేసుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. "తొందరగా కట్టు మే, వ్యాన్ వచ్చేస్తాది" అన్నాడు. ఆమె చేతిసంచి పక్కన పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చీర అందుకుంది. చుట్టు తిప్పింది. కుచ్చిళ్ళు పోసింది. గంజి పదును బాగా కుదిరింది. కొంగు భుజం మీద వేసి పిన్నీసు పెట్టాక, అతను అలవాటుగా అద్దంలో చూసుకుంటూ రెండు అరచేతులూ రొమ్ము మీద పెట్టి వంగాడు.

ఆమె ఆ చేతులు పట్టుకుని తీసింది. కొంగును మధ్యకు మడిచింది, మళ్ళీ మడిచింది. నాలుగు మడతలు చేసి అతని రొమ్ము మీద పెట్టి, అతని చేతులతోనే గట్టిగా అదిమింది.

"ఇట్లా పట్టుకోవాల" అంది.

"మడతలెందుకు?"

"పాలు కనపడకుండా."

అతను అద్దంలోంచి ఆమెను చూశాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆసుపత్రి వరండా, స్తంభం, అతని చేతిలోని క్యారియర్, అన్నీ ఆ ముఖం మీదికి ఒకటొకటిగా వచ్చాయి. ఆ రోజు చేతులు ఎందుకట్లా పెట్టుకున్నావని ఇన్నేండ్లలో అతను ఒక్కసారి కూడా ఆమెను అడగలేదు.

బయట వ్యాన్ హారన్ కొట్టింది. లోపలి నుంచి అంజనమ్మ, ఇంకా కాలేదా అని అరిచింది. ఉమామహేశ్వర చేతులు కొంగు మీద నుంచి జారాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా రెండు పక్కలా వేలాడేసుకుని నిలబడ్డాడు. హేమావతి వంగి, మిగిలిన చివరి పిన్నీసు కుచ్చిళ్ళకు పెట్టింది.