ఎవరి తప్పూ కాని వేడి

"రెండు వైపులా మీరే రాసెయ్యండి మేడమ్. మీకు చెయ్యి తిరిగిన పని" అన్నాడు సైన్సు మాస్టారు, తాగిన టీ కప్పు తెలుగు టీచరు బల్ల మీద పెడుతూ.

ఆ స్కూల్లో అది ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. వార్షికోత్సవానికి తల్లిదండ్రుల్ని పిలిచి, వాళ్ళ ముందు పిల్లల చేత ఒక చర్చ పెట్టిస్తారు. పిల్లల చేత అన్నది మాటవరసకే. రెండు పక్షాల ప్రసంగాలూ ఆమె రాస్తుంది, పిల్లలు బట్టీపట్టి అప్పజెబుతారు, చివర్న వచ్చినవాళ్ళు చేతులెత్తి ఎవరు గెలిచారో తేలుస్తారు. విషయం ఎవరి సబ్జెక్టుదైతే ఆ మాస్టారికి ప్రిన్సిపాల్ మైకులో కృతజ్ఞతలు చెబుతాడు. ఆమె పేరు ఎవరూ ఎత్తరు. భాష చెప్పే టీచరుకి రాయడం ఎలాగూ వచ్చు, వచ్చిన పనికి మెప్పు దేనికి?

ఈసారి విషయం టీవీలోంచి ఊడిపడింది. భూమి వేడెక్కడం మనిషి చేసిందా, లేక ప్రకృతి సహజమా? సాయంత్రం ఏ చానల్ పెట్టినా ఇద్దరు పెద్దమనుషులు చెరోపక్క కూర్చుని ఇదే విషయం మీద గొంతు చించుకుంటున్నారు. బస్సులో, మంగలి షాపులో, స్టాఫ్ రూములో అదే గొడవ. ఇంట్లో ఆమె భర్త అయితే రిమోట్ పట్టుకుని ఇద్దరికీ తల ఊపుతాడు. ఇద్దరూ చెప్పేదాంట్లో పాయింటుంది అంటాడు. ఇందులో నిజంగా రెండు వైపులున్నాయా అని ఆమె సైన్సు మాస్టారినే అడిగింది. ఎక్కడున్నాయి మేడమ్, తెలిసినవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు, మనిషి చేసిందే అన్నాడాయన నిక్షేపంగా. మరి రెండో ప్రసంగం ఎందుకని అడిగితే, ఒక్క వైపే ఉంటే చర్చ ఎలా అవుతుందని ఆమెనే ఎదురు అడిగాడు.

చీటీలు వేస్తే, మనిషి చేసిందే అన్న పక్షం ఆమె కూతురికి వచ్చింది. తొమ్మిదో తరగతి. ప్రకృతి సహజమన్న పక్షం మందుల షాపాయన కూతురికి వచ్చింది. చీటీ విప్పి చూసిన కూతురి ముఖం చూస్తే ఆమెకి ఎంత సంతోషమైందో చెప్పలేం. ఆ సంతోషానికి కారణం ఎవరికైనా చెబితే నవ్వుతారు.

కారణం ఏమిటంటే, ఆ పిల్ల ఈ ఏడాదే ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. అన్నీ నువ్వే ఎందుకు చేస్తావమ్మా అని. మొదటిసారి వంటింట్లో, ఇద్దరే ఉన్నప్పుడు అడిగింది. రెండోసారి భోజనాల దగ్గర, అందరి ముందూ అడిగేసింది. మనం చేస్తే మీ అమ్మకి నచ్చదురా అని తండ్రి నవ్వేశాడు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, ఆడపిల్ల నోట అవేం మాటలంది. ఆమె కూడా కళ్ళతోనే పిల్లని కసిరింది, అలవాటు కొద్దీ. కానీ లోపల మాత్రం ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోట రాని ప్రశ్న అది. రానివ్వని ప్రశ్న అంటే ఇంకా నిజం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని వాళ్ళమ్మ చెప్పి పంపిన మాటని ఉద్యోగంలా చేసుకుంటూ వచ్చింది. తన సంగతి ఎలాగూ అయిపోయింది, ఆ ప్రశ్న కూతురి దగ్గరైనా ఆరిపోకుండా ఉండాలి. ఒక్కసారి, నలుగురి ముందు, మైకులో, ఇది జరిగింది కాదు, చేసింది, చేసినవాళ్ళున్నారు అని ఆ పిల్ల గట్టిగా అని గెలిస్తే చాలు. ఆ రుచి తెలిశాక ఇక ఎవరు కసిరినా ఆగదని ఆమె ఆశ. ఆమెకి మిగిలిన ఆశల్లో పెద్దది అదే.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో వాళ్ళంతా బెడ్రూములో ఏసీ వేసుకుని పడుకుంటే, కూతురి ప్రసంగం రాయడానికి కూర్చుంది. ఉతికిన బట్టలు ఒకపక్క మడతకి ఎదురుచూస్తున్నాయి. ప్రసంగంలోకి అన్నీ వచ్చాయి. కాల్చిన బొగ్గు, తోడిన చమురు, గాలిలో పెరిగిన పొగ. సూర్యుడి వల్లే అయితే పైపైన ఉన్న గాలి కూడా వేడెక్కాలి కదా, అది చల్లబడుతోందే, కింద మాత్రమే ఎందుకు ఉడుకుతోంది అన్న మంచి వాదన కూడా వచ్చింది. ఎవరు చేశారు అన్న దగ్గరికొచ్చేసరికి మాత్రం కలం ఆగింది. ఫ్యాక్టరీలని రాద్దామంటే స్కూలుకి కుర్చీలిచ్చింది ఒక ఫ్యాక్టరీ ఆయన. కార్లని రాద్దామంటే కార్లలో వచ్చేది తల్లిదండ్రులే. ఎక్కువ కాల్చినవాళ్ళకి ఎక్కువ తప్పు, తక్కువ కాల్చినవాళ్ళకి తక్కువ అని రాసి, ఎవరో కోప్పడతారనిపించి కొట్టేసింది. చివరికి తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, మనందరం అని రాసి ఊరుకుంది.

సాయంత్రం కూతురు చదివి చూసి, బాగుంది గానీ ఇందులో తిట్టేది ఎవర్నమ్మా అని అడిగింది. వినేవాళ్ళకి అర్థమవుతుందిలే అని సర్దిచెప్పింది. ఇంట్లో కూడా ఆమె చేసేది అదేగా. సింకు నిండిపోయింది అంటుంది, అందరికీ వినబడేలా. నిండింది ఎవరి కంచాలతోనో వినేవాళ్ళకి అర్థమవుతుందని. ఇన్నేళ్ళలో ఒక్కరికీ అర్థమైన దాఖలా లేదు.

రెండో ప్రసంగం మర్నాడు, బియ్యం ఉడికేలోగా అయిపోయింది. ఫ్రిజ్ మీద కాగితం పెట్టి నిలబడే రాసింది. వాక్యాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చేశాయి. వెతుక్కునే పని లేకపోయింది. చెయ్యి తిరగడమంటే ఇదేనేమో అనుకుని, కొంచెం గర్వపడింది కూడా.

వార్షికోత్సవం రోజు హాలు కిక్కిరిసిపోయింది. పైన రేకుల కప్పు, కింద జనం ఊపిరి. కార్యక్రమం కాగితాలు విసనకర్రలయ్యాయి. మూడో వరసలో భర్త, అత్తగారు కూర్చున్నారు. ఆమె వేదిక పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లలు మాట మర్చిపోతే అందించాలి కాబట్టి ఆమెకి కుర్చీ ఉండదు.

ముందు కూతురు మాట్లాడింది. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. చెప్పినదంతా నిజం. అయినా జనం వినలేదు. పై గాలి, కింది గాలి అనేసరికి ముందు వరసలో ఒకాయన ఆవలించి ఫోను తీశాడు. మనందరం అన్న మాట వచ్చినప్పుడు ఎవరూ తలెత్తి చూడలేదు. అందరినీ అంటే ఎవరినీ అననట్టే మరి.

తర్వాత మందుల షాపాయన కూతురు వచ్చి, మైకు సరిచేసుకుని నవ్వింది. "మా అమ్మమ్మ కాలంలో ఎండలు లేవా?" అంది. హాలంతా నవ్వింది. వాళ్ళూ బతికారు కదా, ఎండకి ఎవరూ కరిగిపోలేదే అంది. ఇంత భూమిని వేడిచెయ్యడానికి మనమెంత, మన పొయ్యెంత అంది. అంతా ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడే కొత్తగా వచ్చినట్టు గగ్గోలు దేనికి అంది. తప్పెవరిదని వెతుక్కుంటూ కూర్చుంటే ఇల్లు నరకమవుతుంది, సర్దుకుపోయేవాళ్ళదే బతుకు అని ముగించింది. చప్పట్లు రేకుల కప్పుకి కొట్టుకుని కిందికి దిగాయి.

ఆ పిల్ల గొంతులో ఎవరు మాట్లాడుతున్నారో గోడకి ఆనుకున్న ఆమెకి తెలిసిపోయింది. వాళ్ళూ బతికారు కదా అన్నది అత్తగారు. పురిటి నీరసం తీరకముందే తను పొయ్యి దగ్గర నిలబడిన రోజు, మేమూ చేశాం, పోయామా అని ఆవిడ అన్న మాటకి వేషం మార్చి రాసిందంతే. మనమెంత అన్నది కన్నతల్లి. ఎప్పుడూ ఉన్నదే అన్నది స్టాఫ్ రూములో ప్రతివాళ్ళూ. ఇల్లు నరకమవుతుంది అన్నది భర్త. రెండో బ్రాంచిలో ఆమెకి వైస్ ప్రిన్సిపాల్ పదవి ఇస్తామంటే, ఇంటి దగ్గర కుదరదండీ అని ఆమె తరఫున స్కూలుకి ఫోను చేసి చెప్పేశాడు. ఎవరు చేశారు ఆ ఫోను అని ఆమె అడగబోతే, జరిగిపోయిందానికి తప్పెవరిదని వెతికితే ఇల్లు నరకమవుతుంది అన్నాడు, ఎంతో శాంతంగా. అందుకే కలం అలా పరుగెత్తింది. ఇన్నేళ్ళు విన్న పాఠాన్ని అప్పజెప్పింది ఆమె. కూతురి పక్షం రాయడానికి మాత్రం ఆమె దగ్గర పుస్తకాల్లో మాటలే ఉన్నాయి, నోట్లో మాట ఒక్కటీ లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో ఒక్కసారైనా పలకని మాట రచ్చలో ఎలా గెలుస్తుంది? తన పిల్లని తనే ఓడించానని అర్థమైంది.

చేతులెత్తమన్నారు. కూతురి వైపు అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. అటు వైపు ఎత్తమనగానే లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది. మూడో వరసలో అత్తగారి చెయ్యి లేచింది. ఆ పక్కనే భర్త చెయ్యి, అందరికంటే ఎత్తుగా లేచింది. సైన్సు మాస్టారికి ప్రిన్సిపాల్ కృతజ్ఞతలు చెప్పాడు.

ఇంటికొచ్చాక హాల్లో దాని మీదే ముచ్చట. సొంత కూతురైనా నేను అటే చెయ్యెత్తాను, న్యాయం న్యాయమే అని భర్త మురిసిపోయాడు. ఆ పిల్ల ఎంత చక్కగా మాట్లాడింది, ఎవర్నీ నొప్పించకుండా అంది అత్తగారు. ఆమె చీరైనా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళింది. బెడ్రూములో ఏసీ నడుస్తోంది, రాత్రికి గది చల్లబడాలని. దాని బయటి పెట్టె సరిగ్గా వంటింటి కిటికీ పక్కన బిగించి ఉంది. ముందువైపు పెడితే ఇంటి అందం పోతుందని భర్తే దగ్గరుండి అక్కడ పెట్టించాడు. పడకగదిలోంచి లాగిన వేడంతా ఆ కిటికీలోంచి ఆమె ముఖం మీదికి కొడుతుంది. మూడు వేసవులుగా అక్కడే నిలబడి వండుతూ, వంటిల్లంటే వేడిగానే ఉంటుందని ఆమె కూడా అనుకుంటూ వచ్చింది.

కూతురు వెనకాలే వచ్చింది. ఏడవలేదు. బీన్సు కాయలు ముందుకి లాక్కుని, చాకు తీసుకుని తరగడం మొదలుపెట్టింది. నుదుటి మీంచి చెమట కారుతోంది.

"వచ్చే ఏడాది నాకు ఆ పక్షమే ఇవ్వమ్మా" అంది. "అందులో ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు. అందరికీ మనమంటే ఇష్టంగా ఉంటుంది."

ఇక్కడ ఉడికిపోతున్నావు, హాల్లోకి పో అంది ఆమె.

"వంటిల్లు కదమ్మా" అంది కూతురు, భుజానికి చెమట తుడుచుకుని. "ఇలాగే ఉంటుంది."

ఆ మాట ఆ పిల్ల నోట విన్నాక ఇక నిలబడలేకపోయింది. చాకు లాగి పక్కన పడేసి, కూతురి చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది. టీవీకి అడ్డంగా నిలబడింది. మాట తడబడలేదు.

"వంటిల్లు ఊరికే వేడెక్కలేదు. మీరు వేడెక్కించారు. మీ గది చల్లగా ఉండాలని ఆ ఏసీ పెట్టె నా ముఖం మీద పెట్టించారు. నా ప్రమోషన్ ఊరికే పోలేదు. మీరు ఫోను చేసి పోగొట్టారు. నాకు జరిగినవన్నీ వాటంతటవే జరగలేదు. మీరు చేశారు."

భర్తకి కోపం వస్తుందని, అరుస్తాడని, అరిస్తే అరవనీ అని సిద్ధపడే వచ్చింది ఆమె. ఆయన అరవలేదు. టీవీ గొంతు తగ్గించి, జాలిగా చూశాడు.

"పొద్దుట్నుంచీ కాళ్ళ మీదే ఉన్నావు. పైగా ఈ ఎండలు. ఎవరికైనా ఇలాగే ఉంటుంది" అన్నాడు.

"ఆ వయసులో నాకూ ఇంతే. ఒళ్ళంతా ఆవిర్లు, ఊరికే కోపం. అదంతా ప్రకృతే, దానంతటదే పోతుంది" అంది అత్తగారు, నిజంగానే ప్రేమగా.

ఆమె ఇద్దర్నీ వదిలేసి కూతురి వైపు చూసింది. ఈ ఇంట్లో ఇంకా లేవని చెయ్యి అదొక్కటే. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది, నాన్నమ్మ వైపు చూసింది, తర్వాత తల్లి చెమట పట్టిన ముఖంలోకి చాలాసేపు చూసింది. చూసి, మెల్లగా ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆమె వైపు తిప్పింది. "ఎండలు కదమ్మా" అంది.