పెనుకొండ మీదుగా మంచుకొండకు

ధర్మవరంలో మంచు రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఫ్రిజ్ పై అరలో, రెండోది సోడా బండి మీద గోనెపట్టా కింద. వాటి మీద ఎవరూ జారరు, అవే జారుకుంటాయి. అటువంటి ఊళ్ళో పట్టుచీరల అంగడి గిరిధర్, “జనవరిలో గుల్మార్గ్ పోతాండాం, స్కీయింగుకు” అని చెప్పగానే పక్కంగడి తిమ్మరాజు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు.

“ఇదేం స్కీమప్పా? ఎన్ని నెలలు కట్టాల?”

“స్కీము కాదన్నా, స్కీ. కాళ్ళకు రెండు పలకలు కట్టుకొని మంచుకొండ మీద నుంచి జారేది.”

“జారేదానికి అంత దూరమెందుకబ్బా? వాన పడినప్పుడు మన సందులోకి రా. పలకలు గూడా అక్కర్లే.”

గిరిధర్ పెద్దగా నవ్వాడు. లోపల పరుపు మీద చీరలు మడతపెడుతున్న అతని భార్య ప్రమోద నవ్వలేదు. ఆమె ఒళ్ళో చీర ఉంది, చీర మీద ఫోన్ ఉంది, ఫోన్లో ఎవరో ఒక ఆడమనిషి తెల్లటి వాలు మీద మోకాళ్ళు వంచి గాలిలా దిగిపోతోంది. ఆ వీడియోను ప్రమోద ఎన్నిసార్లు చూసిందో ఆ ఫోనుకే తెలియాలి.

ప్రమోదకు ముప్పై రెండేళ్ళు. హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ ఖోఖో జట్టులో ఉండేది. ఆమె బరిలో దిగితే తరిమేవాళ్ళకు ఆయాసమే గాని ఆమె దక్కేది కాదు. పెళ్ళయి ధర్మవరం వచ్చాక, వచ్చినవాళ్ళ ముందు చీరలు విప్పడం, వాళ్ళు పోయాక మడవడం పనైంది. పరుగు పోయి పరుపు వచ్చింది. మారింది ఒక్క అక్షరమే, కానీ మోకాళ్ళను అడిగితే వేరే లెక్క చెబుతాయి. అందుకే అంగడి షట్టరు దించాక ఆమె ఒక్కతే ఆ పరుపు మీద నిలబడి, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ ముందుకు చాచి చూసుకునేది. ఒక్కసారి. జన్మలో ఒక్కసారి ఆ వాలు మీద నుంచి దిగితే చాలు.

ఈ యాత్రకు పెద్దదిక్కు హిందూపురం బట్టల వ్యాపారి విజయ్ కుమార్. ‘మంచు మిత్రమండలి’ అని వాట్సప్ గ్రూపు పెట్టి మూడు కుటుంబాలను పోగేశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటి మిద్దె గదిలో కూర్చొని ప్లాను వేస్తుంటే, అతని భార్య మంజులత వేరుశనగ పప్పుల గిన్నె ముందుకు జరుపుతూ అడిగింది.

“అంతా బాగనే ఉండాది గాని ప్రమోదా, మీ పాప సంగతేం జేస్తారు?”

గీతాంజలికి నాలుగున్నరేళ్ళు. మిగతా రెండిళ్ళ పిల్లలకూ పదేళ్ళు దాటాయి.

“ఆ స్కీ బడివాళ్ళు ఎనిమిదేండ్లు నిండితేనే చేర్చుకుంటారంట,” అన్నాడు విజయ్ కుమార్. “పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం నాలుక్కు వచ్చేది. నాలుగు దినాలూ అంతే.”

“అయితే ఎవరో ఒకరు పాపతో రూములో ఉండాల,” అన్నాడు గిరిధర్.

ఎవరో ఒకరు అనే మాట ఆడా కాదు, మగా కాదు. అయినా ఆ గదిలో ఉన్న మూడు జతల కళ్ళూ ఒకేసారి ప్రమోద వైపు తిరిగాయి.

“మంచుకొండకు పోయి నన్ను మంచం మీద కూర్చోమంటారా?” అంది ప్రమోద.

అందరూ పగలబడి నవ్వారు. జోకుతో వచ్చే చిక్కే అది. నవ్వు చెల్లించేసి మాట సంగతి మరిచిపోతారు.

తిరుగుదారిలో కారులో మళ్ళీ ఎత్తింది. “ఒకరోజు మీరు, ఒకరోజు నేను పాపను చూసుకుంటే?”

“మగోళ్ళంతా కొండెక్కుతాంటే నేను రూములో ముక్కు తుడుస్తా కూర్చోవాల్నా? విజయ్ గాడు చచ్చేదాకా ఎగతాళి చేస్తాడు.”

పట్టు వ్యాపారం చేసేవాడి దగ్గర పట్టు ఉంటుంది. విడుపు కావాలంటే వేరే అంగడి చూసుకోవాలి. ప్రమోద కిటికీ వైపు తిరిగింది. ఒళ్ళో గీతూ నిద్రపోతోంది. పిడికిట్లో అమ్మ కొంగు నలుగుతోంది. పుట్టినప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా ఆ పిడికిలి ఖాళీగా పడుకోలేదు.

పెనుకొండ దగ్గరపడుతుండగా గిరిధర్ అన్నాడు. “మీయమ్మ దగ్గర వదిలితే?”

ఆ ఆలోచన ప్రమోదకు నెలరోజుల ముందే వచ్చింది. తల్లినై ఉండి నేనెట్ల అంటానని నోరు మూసుకుంది. ఇప్పుడు అతను అనేసరికి బరువు దిగినట్టయింది. అది దిగినందుకు సిగ్గు కూడా వేసింది.

“ముందు రెండు దినాలు వదిలి చూద్దాం. రిహార్సల్ మాదిరి,” అన్నాడు గిరిధర్.

ప్రమోద తల్లి అక్కమ్మ పెనుకొండలో ఇంటి ముందు గదిలోనే గాజుల అంగడి నడుపుతుంది. ఆ తర్వాతి శనివారం పాపను తీసుకొని వెళితే ఆమె చకచకా ఏర్పాట్లు చెప్పింది.

“నీ ఉతకని చీర ఒకటి వదులు. ఆ వాసనకు పండుకుంటాది. నేను పాపను మిద్దె మీదికి తోడ్కపోయి కోతులను చూపిస్తా. మీరు పెరటి వాకిట్లోంచి సందులోకి పడి పోండి.”

“చెప్పకుండానా?” అంది ప్రమోద.

“పిల్లోళ్ళకు చెప్పి పోతారా యాడన్నా? ఏడుపు విని ఇల్లు దాటితే దోవలో మేలు జరుగుతాదా? నిన్ను గూడా ఇట్లనే వదిలి నేను ఎన్ని పెండ్లిండ్లకు పోలేదు? నీకేమైంది? బాగనే ఉండావు కదా!”

బాగానే ఉన్నానా అని ప్రమోద తనను తాను ప్రశ్నించుకునేలోపల అవ్వా మనవరాలూ మెట్లెక్కేశారు. గిరిధర్ సైగ చేశాడు. ఊరంతా చూస్తుండగా పరిగెత్తి ఎవరికీ చిక్కని మనిషి, నాలుగున్నరేళ్ళ పిల్లకు చిక్కకూడదని, చప్పుడవుతుందేమోనని చెప్పులు చేతబట్టుకొని, పుట్టింటి పెరట్లోంచి దొంగలా దాటింది.

ఆ రాత్రీ మరునాడూ ఫోన్ చేస్తే అక్కమ్మ ఒకటే మాట. “బంగారు. ఒక్క చుక్క కన్నీళ్ళు లేవు.” గిరిధర్ గ్రూపులో రెండు చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

సోమవారం మధ్యాహ్నం వెళ్ళేసరికి అక్కమ్మ ఎవరికో గాజులు తొడుగుతూ ఉంది. ఆమె కుడి మణికట్టుకు ప్రమోద పాతచీర కొస ఒకటి ముడేసి ఉంది. రెండో కొస గీతూ నడుముకు ఉంది. అటు మూడు ముళ్ళు, ఇటు మూడు ముళ్ళు.

“వచ్చినావా తల్లీ!” అంది అక్కమ్మ. “రెండు దినాలుగా ఇదే కథ. స్నానానికి పోవాలన్నా ఈమె పర్మిషన్ కావాల. నేను విప్పితే మళ్ళా కడ్తాది. పండుకున్నా అంతే.”

ప్రమోద మోకాళ్ళ మీద కూర్చొని చేతులు చాచింది. పాప రాలేదు. ఏడవనూ లేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళెవరినో చూసినట్టు చూసింది.

“నేను మిద్దె మీద నుంచి చూసినా,” అంది గీతూ. “చెప్పులు చేతిలో పట్టుకొని పోతాంటివి.”

కోతులు కనిపించే మిద్దె మీద నుంచి సందు కనిపించదా? ఆ ముక్క ముగ్గురు పెద్దవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

“చూసి పిలవలేదేమ్మా?” అంది ప్రమోద.

“పిలిస్తే నువ్వు పరిగెత్తుతావని.”

ఆ తర్వాత మూడు వారాలు ధర్మవరం ఇంట్లో గీతూ కాపలా కాసింది. ప్రమోద స్నానానికి పోతే తలుపు బయట కూర్చొని, “అమ్మా, ఉండావా?” అని పిలిచేది. “ఉండా.” నాలుగు చెంబులు పోసుకునేలోపల మళ్ళీ, “ఉండావా?” అంగట్లో పరుపు మీద బేరం జరుగుతుంటే కొంగు పట్టుకొని పక్కనే కూర్చునేది. “పాపకు చీరలంటే ఎంత ఇష్టమో!” అని కొనడానికి వచ్చినవాళ్ళు మురిసిపోయేవారు.

ఇంతలో బెంగుళూరు నుంచి విజయ్ కుమార్ తెప్పించిన థర్మల్ బనియన్లు వచ్చాయి. గిరిధర్ ఒకటి తొడుక్కొని అద్దం ముందు నిలబడి, “ధర్మవరంలో థర్మవరం!” అన్నాడు. ప్రమోద నవ్వకపోయేసరికి దాన్ని తలమీది నుంచి లాగి విసిరేశాడు.

“ఎన్నాళ్ళు మొకం ముడుచుకుంటావు? కుదరకపోతే ఇంట్లో ఉండు. నేనొక్కడే పోయొస్తా.”

“నేనూ వస్తా.”

“మరి పాప?”

“అమ్మ దగ్గరే. కానీ ఈసారి చెప్పి వస్తా.”

“చెప్తే వదుల్తాదా? ఇల్లు పీకి పందిరేస్తాది.”

“వేయనీ. నా ఎదురుగా ఏడ్చనీ.”

అంది గానీ ఆమెకు ధైర్యం లేదు. ఆ వాలు వదులుకుంటే మళ్ళీ దొరకదు. పాప నమ్మకం పోతే అదీ మళ్ళీ దొరకదు. రెండూ కావాలనుకోవడం దురాశేమోనని రోజూ అనుకునేది. షట్టరు దించాక పరుపు మీద మోకాళ్ళు వంచడం మాత్రం మానలేదు.

బయలుదేరే రోజు, గురువారం పొద్దున పదింటికి కారు పెనుకొండలో అక్కమ్మ ఇంటి ముందు ఆగింది. పదకొండున్నరకు హిందూపురంలో టెంపో బయలుదేరుతుంది, అక్కడి నుంచి బెంగుళూరు, విమానం. గిరిధర్ దిగకుండానే గడియారం చూసుకున్నాడు.

“మిద్దె మీదికి తోడ్కపోదునా?” అని గుసగుసలాడింది అక్కమ్మ.

“వద్దమ్మా. నువ్వు సుమ్మనుండు.”

“నీ ఇష్టం తల్లీ. రేపు ఏమన్నా అయితే నన్ననద్దు.”

ప్రమోద గాజుల పెట్టెల మధ్య నేల మీద కూర్చొని పాపను ఎదురుగా నిలబెట్టుకుంది. “గీతూ, ఇట్ల చూడు. నేనూ నాయనా మంచు ఉండే ఊరికి పోతాండాం. ఆరు రాత్రులు రాము. నువ్వు అవ్వతో ఉంటావు. ఆడికి పిల్లోళ్ళను...” రానీరు అనబోయి ఆగింది. అది అబద్ధం. “నిన్ను తీసకపోతే నాకు జారేదానికి కుదరదు. నాకు జారాలని ఉండాది.”

గీతూ అమ్మ ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత మూడు వారాల్లో మొదటిసారి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

“పోవులే.”

“పోతాండానమ్మా.”

“పోయేదుంటే చెప్పవు కదా!”

అని కొంగు వదిలేసి, గాజుల పెట్టె దగ్గరికి పోయి రంగులు ఏరుకుంటూ కూర్చుంది.

అక్కమ్మ బుగ్గలు నొక్కుకుంది. “ఏం మంత్రమేసినావే!”

బయట హారన్ మోగింది. “నగుతాంది! ఇంతకంటే మంచి టైము దొరకదు, రా,” అని అరిచాడు గిరిధర్. విజయ్ కుమార్ ఫోన్ చేస్తున్నాడట, యాడుండారప్పా అని. ప్రమోద నడిచింది. గాజుల్లోంచి తలెత్తకుండానే పాప, “టాటా” అంది. ఇంత సులువైన ప్రయాణం ఆమెకు జన్మలో దొరకలేదు. కారు తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది.

పెట్టిన కాలు వెనక్కి తీసింది.

“ఏమైంది? మరిచిపోయినావా ఏమన్నా?”

“పాప నమ్మలేదు.”

“నమ్మకపోతే మంచిదే కదా! నగుతాండే పిల్లను ఏడిపించేదానికి పోతావా?”

“ఊఁ,” అంది ప్రమోద.

పాపను ఎత్తుకొచ్చి కారు డిక్కీ తీయించింది. పెద్ద బ్యాగు జిప్పు పూర్తిగా లాగింది. “దీంట్లో నీ గౌను యాడుందో చూడు.”

ఇదేదో ఆట అనుకొని గీతూ రెండు చేతులూ లోపల పెట్టింది. నాయన టోపీ వచ్చింది. అమ్మ చేతి గ్లౌజులు వచ్చాయి. స్వెటరు, మందపాటి మేజోళ్ళు, మళ్ళీ నాయనవే. చేతులు నెమ్మదించాయి. అడుగుదాకా వెతికింది.

“నా గౌన్లు యాడ?”

“అవ్వ ఇంట్లో.”

అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ సందులో వాకిళ్ళన్నీ తెరుచుకున్నాయి. గీతూ అరిచింది, తన్నింది, అమ్మ భుజాల మీద పిడికిళ్ళతో గుద్దింది. అక్కమ్మ చెవులు మూసుకొని లోపలికి పోయింది. ప్రమోద ఊరుకోమనలేదు, కోతులనూ చూపలేదు. కారు పక్కన నేల మీదే కూలబడి దెబ్బలు తింటూ, “పోతాండా తల్లీ, నిజంగానే పోతాండా,” అంటూ ఉండిపోయింది.

గిరిధర్ దిగి వచ్చాడు. నోరు తెరిస్తే జోకు రాలే మనిషి, పాప బయటికి లాగిన టోపీ, మేజోళ్ళు తిరిగి బ్యాగులో పెట్టసాగాడు. ఫోన్ మోగుతుంటే కట్ చేశాడు. “మానుకుందామా?” అన్నాడు చివరికి, నేల చూస్తూ.

నెల ముందు ఆ గొంతుతో ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను అని ఉంటే! ప్రమోద పాపను ఒళ్ళోకి లాక్కుంది. మానుకుంటే, చెప్పింది మళ్ళీ అబద్ధమవుతుంది. పోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు.

అరుపు ఏడుపైంది, ఏడుపు ఎక్కిళ్ళయింది. ఎక్కిళ్ళ మధ్య గీతూ అడిగింది.

“ఎప్పుడొస్తావు?”

“బుధవారం. మధ్యాహ్నం అన్నం వేళకు.”

పాప అమ్మ ఒళ్ళోంచి దిగి, ముద్దుకు చెంప ఇవ్వకుండా, తనంతట తానే పోయి గడప మీద నిలబడింది.

కారు కదిలింది. ప్రమోద సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. పాప చేయి ఊపలేదు. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. రెప్ప వేయకుండా కారునే చూస్తోంది.

“ఇంకా ఏడుస్తాందా?” అన్నాడు గిరిధర్, అద్దంలోకి చూసే ధైర్యం లేక.

“లేదు. నిజంగా పోతామో లేదో చూస్తాంది.”

అతను గేరు మార్చబోయాడు. ప్రమోద అతని భుజం మీద చేయి వేసి ఆపింది.

“నిదానంగా పోండి. మనం పోయేది బాగా కనపడనీ.”