నాలుగో గంట

ఆయన ముప్పై ఏళ్లు బస్సు తోలిన మనిషి. కూర్చున్నా కింద బండి కదులుతూ ఉండాలి ఆయనకి. అలాంటివాడికి రెండు కిడ్నీలూ మొరాయించి, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద పడి ఉండాల్సి వచ్చింది.

మూడు గంటలు కాగానే ఎడమచేతి సూదులకేసి చూసి, "ఇక తీసెయ్యమ్మా" అని నర్సు ప్రాణం తీసేవాడు. అలా గంట ఎగ్గొట్టినందుకు కాళ్లు పొంగేవి, ఆయాసం వచ్చేది. పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య ఎంత బతిమాలినా చెవిటివాడి ముందు శంఖమే.

ఒకరోజు నర్సు కళ్లకు పెట్టుకునే వీఆర్ పెట్టె తెచ్చింది. "ఇది పెట్టుకుంటే మంచం మీంచే లోకమంతా చూడొచ్చు బాబాయ్ గారూ. ఈ చెయ్యి మాత్రం కదపకండి."

ముందు జలపాతం పెట్టింది. రెండు నిమిషాలకే కేకలు.

"రోజుకి మూడు గ్లాసుల నీళ్లు దాటొద్దని నోరు కట్టేసి, కళ్లముందు ఏరు పారిస్తావా తల్లీ! పగవాడికైనా వద్దు ఈ వైద్యం!"

వార్డంతా గొల్లుమంది. నర్సు నాలుక కరుచుకుని, కొండదారిలో పోయే బస్సు పెట్టింది.

కాసేపటికి దుప్పటి కింద ఆయన కుడికాలు బ్రేకు నొక్కసాగింది.

"మలుపులో హారన్ కొట్టడేం వీడు? లైసెన్సెవడిచ్చాడు?"

"ఎవర్నండీ తిడుతున్నారు?" అంది భార్య.

"నీకు కనబడడులే."

మూడో గంట దాటింది. ఆయన అడగలేదు. ఆడవాళ్లిద్దరూ గడియారం చూసి, ఒకరినొకరు చూసుకుని, గప్‌చుప్‌గా ఉండిపోయారు. చివరికి మిషను కూత పెడితే, "అప్పుడేనా? ఇంకా ఘాట్ రోడ్డు దిగనేలేదు!" అన్నాడాయన.

మరుసటిసారి ఆయనే నర్సుతో, "ముందు మీ పిన్నికి పెట్టమ్మా. ఒక్కసారి నా రూటులో తీసుకెళ్లమని ఎన్నేళ్లు అడిగిందో!" అన్నాడు.

మొదటి మలుపుకే ఆమె ఆయన కుడిచెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "అమ్మో, ఇంత లోయా! రోజూ ఇలాంటి దారిలోనా మీరు వెళ్లింది?"

"మరి? షికారనుకున్నావా?"

"అనుకున్నాను." ఆమె పెట్టె తీసేసింది. కళ్లు తడిగా ఉన్నాయి. "ఇంటికొచ్చి ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటే, నేనంటే ఇష్టం లేదేమో అనుకునేదాన్ని."

"పిచ్చిదానా" అన్నాడాయన. చెయ్యి వదల్లేదు.

తర్వాత ఆయన ఒక్క గంటా ఎగ్గొట్టలేదు. రెండు నెలల్లో కాళ్ల పొంగు తగ్గి, పాత చెప్పులు పట్టాయి. పెట్టె మొదటి మూడు గంటలూ ఆయనది, నాలుగో గంట ఆమెది. ఆమె చూస్తూ దారంతా చెబుతుంటే ఆయన వినేవాడు. ఒకరోజు అలా వింటూనే నిద్రపోయాడు. ఆ సంగతి తెలియక ఆమె, "ఇదిగో, వంతెన వచ్చిందండీ" అంటూ చెప్పుకుపోతూనే ఉంది. నర్సు ఆమెను ఆపలేదు.