నలభై ఒకటో అభ్యంతరం

మల్లేశం మీద ఒక కాగితం ఉంది. రెండేళ్లుగా అతని సర్వీసు ఫైల్లో పడి ఉంది. పిన్నుకి తుప్పు పట్టిందిగానీ కాగితానికి ఏమీ కాలేదు. "ఆపరేటరు నిర్లక్ష్యం వలన పదకొండు జిల్లాల వర్షపాతం ఫైలు నాశనమైనది" అని అందులో మూడే మూడు లైన్లు. కింద సిస్టమ్ మేనేజరు త్యాగరాజు సంతకం. అది ఉన్నన్నాళ్లూ మల్లేశం సీనియర్ ఆపరేటరు కాలేడు. వెనక చేరిన కుర్రాళ్లు ఇద్దరు అప్పుడే సీనియర్లు అయిపోయారు.

అసలు జరిగింది ఇంతే. ఒక డిస్కులో ఉన్న ఫైలుని ఇంకో డిస్కుకి మార్చమన్నారు. మార్చడానికి ఒకటే కమాండు, మూవ్. మల్లేశం కొట్టాడు. మెషిను కిక్కురుమనలేదు. కిక్కురుమనకపోతే పని అయిపోయినట్టే, వాటి పద్ధతే అంత. తీరా చూస్తే రెండో డిస్కు మధ్యలోనే నిండిపోయింది. ఫైలు సగమే వెళ్లింది. సగమే వెళ్లిందని చూసుకోకుండా మెషిను మొదటి డిస్కులోది మొత్తం చెరిపేసింది. ఆ వారం టేపు యంత్రం రిపేరులో ఉండటంతో ఇంకో కాపీ కూడా లేదు.

"నేను కొట్టింది కరెక్టే సారు" అంటే త్యాగరాజు నవ్వాడు. "మెషిను తప్పు చేస్తుందా? ఎనిమిదో క్లాసు చదివినవాడు చేస్తాడుగానీ!"

మల్లేశం చదివింది ఎనిమిదో క్లాసే. పదిహేడేళ్లకి కరీంనగర్ నుంచి పోయి ఆర్మీ సిగ్నల్స్‌లో చేరాడు. ఢిల్లీ కంటోన్మెంటులో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని నేర్చుకున్నది ఒకటుంది, 'రీడ్ బ్యాక్'. అవతలివాడు చెప్పింది తిరిగి వాడికే చదివి వినిపించాలి. వాడు 'కరెక్ట్' అన్నాకే వేలు కదలాలి. రిటైరై ఢిల్లీలోనే ఈ ఆర్కే పురం ఆఫీసులో ఆపరేటరుగా చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. అందుకు కుర్రాళ్లు 'రేడియో' అని పిలుస్తారు. పిలుచుకోనీ.

ఆ ఏడాది, ఎనభై ఎనిమిదిలో, అదే ఆఫీసు నాలుగో అంతస్తులో ఒక కమిటీ కూర్చుంటోంది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఒక్కో కంపెనీ మెషిను ఒక్కో తీరుగా నడుస్తోందని, ఒకే కమాండుకి అన్నీ ఒకేలా పని చేయాలని ఒక ప్రమాణం, అంటే స్టాండర్డు, రాస్తున్నారు. అధ్యక్షుడు ప్రొఫెసర్ వీరభద్రరావు. ఫైళ్ల కమాండ్ల చాప్టరు రాసింది ఎవరయ్యా అంటే, త్యాగరాజు. మూవ్ గురించి ఒకే ఒక్క వాక్యం రాశాడు. "ఈ కమాండు ఫైలును ఒక చోటు నుండి మరొక చోటుకు మార్చును." అంతే. చోటు చాలకపోతే ఏమవుతుందో ఒక్క ముక్క లేదు. అదే అచ్చయితే మెషిన్లన్నీ దాన్నే ఒప్పనుకుంటాయి. మల్లేశం మీదున్న కాగితం కూడా ఎప్పటికీ ఒప్పే అవుతుంది.

ఈ మాట కమిటీ టైపిస్టు ఛాయాదేవితో అన్నాడు. కాకినాడ మనిషి. భర్త కంటోన్మెంటులో హవల్దారు.

"మీరు ఆఫీసు నుంచి రాస్తే త్యాగరాజుగారి టేబుల్ దాటదు, మల్లేశంగారూ. ఇంటి నుంచి రాయండి" అంది ఆవిడ.

"ఇంటి నుంచా? నా మాట ఎవలు సదువుతరమ్మా?"

"చదవాల్సిందే. చిత్తుప్రతి మీద అభ్యంతరం ఎవరు పంపినా మీటింగులో పైకి చదవాలి. ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, కాదంటే ఎందుకు కాదో పక్క గడిలో రాయాలి. నేనేగా ఆ గళ్లు కొట్టేది! రిక్షావాడు రాసినా అంతే."

"రిక్షావాడి కన్న నేను కొంచెం నయమే గద."

"ఏమో మరి, మీ చేతిరాత చూస్తే అనుమానమే" అని నవ్వి, తనే టైపు చేసిపెట్టింది. భోజనం వేళల్లో మూడు మెషిన్ల మీద తన చిన్న చిన్న ఫైళ్లతో మల్లేశం చేసి చూసి నోటుపుస్తకంలో రాసుకున్నదంతా ఒక పేజీకి వచ్చింది. 'ఎం. మల్లేశం, సెక్టార్ 22, ఫరీదాబాద్' అని సంతకం పెట్టి పోస్టు డబ్బాలో వేశాడు.

చివరి మీటింగు మార్చి నెలలో, పొద్దున పదకొండింటికి. నలభై అభ్యంతరాలు అరగంటలో తేలిపోయాయి. గదిలో ఒక పక్కన పెట్టిన మూడు మెషిన్ల దగ్గర నిలబడటం ఆ రోజు మల్లేశం డ్యూటీ.

"నలభై ఒకటి" అని ఛాయాదేవి చదివింది. "రెండో డిస్కు మధ్యలో నిండిపోతే మూవ్ కమాండు మొదటి ఫైలును ఉంచాలా, చెరిపేయాలా? చిత్తుప్రతి చెప్పడం లేదు. ఒక కంపెనీ మెషిను చెరిపేస్తోంది."

త్యాగరాజు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏ మెషినూ అట్లా చేయదు సార్. ఎవరో పని లేనివాడు. కాదని కొట్టేయండి."

"కాదంటే కారణం రాయాలండీ. ఏం రాయమంటారు?" అంది ఛాయాదేవి వేళ్లు టైపు మిషను మీద పెట్టి.

వీరభద్రరావు కళ్లజోడు తుడుచుకున్నాడు. "మెషిన్లు ఇక్కడే ఉన్నాయి కదటండీ. చేసి చూద్దాం. ఏవయ్యా, చిన్న డిస్కొకటి నింపి పెట్టగలవా?"

"పెట్టే ఉన్నది సారు" అన్నాడు మల్లేశం. "ఏ ఫైలు మార్చమంటరు?"

"నా చాప్టరే పెట్టు" అన్నాడు త్యాగరాజు. "నాకేం భయం?"

మల్లేశం అటెన్షన్‌లో నిలబడ్డాడు. "రీడ్ బ్యాక్. త్యాగరాజు సారు చాప్టరు ఫైలు, పెద్ద డిస్కు నుంచి నిండిన చిన్న డిస్కుకు, మూవ్ కమాండుతో మారుస్తున్న. కరెక్టా?"

"కరెక్టే, కానీయ్! ఇదేం కవాతు మైదానమా?"

మొదటి మెషిను చోటు లేదని మొత్తుకుంది, పాత ఫైలు జోలికి పోలేదు. రెండోదీ అంతే. త్యాగరాజు గెలిచినవాడిలా చుట్టూ చూసి "అచ్ఛా?" అన్నాడు. మూడోది ఆఫీసు సొంత మెషిను, వర్షపాతం ఫైలు పోయింది దీని మీదే. మల్లేశం కమాండు కొట్టాడు. అది కిక్కురుమనలేదు.

"చూశారా, చక్కగా మార్చేసింది" అన్నాడు త్యాగరాజు.

"పాత డిస్కులో ఏముందో చూపించు" అన్నాడు వీరభద్రరావు.

చూపించాడు. చాప్టరు లేదు. కొత్త డిస్కులో నాలుగో పేజీ సగం దాకా ఉంది, ఆపైన ఏమీ లేదు. త్యాగరాజు లేచొచ్చి తనే కీబోర్డు మీద టకటకా కొట్టాడు. ఎన్నిసార్లు అడిగినా మెషిను అదే చూపించింది.

"నిన్న సాయంత్రం దిద్దినవన్నీ ఈ మెషిను మీదే! ఆ రెండిట్లో ఉన్నది పాతదే, వీటికి వేరే కాపీ లేదు!" త్యాగరాజు మళ్లీ కీబోర్డు మీద పడ్డాడు. గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అప్పుడే టీ వచ్చింది. మల్లేశం తన గ్లాసు తీసుకుని, ఊదుకుంటూ, తీరిగ్గా తాగాడు. రెండేళ్లు ఆగినవాడికి రెండు నిమిషాలు ఎంత? గ్లాసు కింద పెట్టి, బీరువాలోంచి టేపు చుట్ట తీసి త్యాగరాజు ముందుంచాడు. "మీ చాప్టరు సారు. పొద్దున తొమ్మిదింటికి ఈ డిస్కు మొత్తం కాపీ తీసిన. ఈసారి టేపు యంత్రం మంచిగనే ఉన్నది."

వీరభద్రరావు అభ్యంతరం కాగితం తిప్పి కింద పేరు చూశాడు. "ఈ ఫరీదాబాదు మల్లేశం ఎవరు?"

"నేనే సారు."

గదంతా అతని వైపు తిరిగింది. సూటూ బూటూ లేని మనిషి, అరిగిన ఆర్మీ బెల్టు.

"అయితే ఆ వాక్యం నువ్వే చెప్పవయ్యా. ఛాయాదేవి కొడుతుంది."

మల్లేశం మాటల కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. రెండేళ్లుగా బస్సులో ఆ వాక్యమే చదువుకుంటున్నాడు. "కాపీ పూర్తిగా చేరినదని తేలే వరకు మొదటి ఫైలును చెరపరాదు. పూర్తి కాకపోతే ఆ సంగతి పైకి చెప్పవలెను." టైపు మిషను టకటకలాడింది. పక్క గడిలో 'ఆమోదించబడినది' అని పడింది.

"ఇంకొకటి సారు" అన్నాడు మల్లేశం. "నా ఫైల్ల ఒక కాగితం ఉన్నది. దాని మీద నేను అప్పుడే అభ్యంతరం చెప్పిన. ఎవలూ జవాబు రాయలే."

వీరభద్రరావు విషయమంతా విన్నాడు. తర్వాత పెన్ను తీసి త్యాగరాజు వైపు జరిపాడు. "కాదంటే కారణం రాయాలి త్యాగరాజుగారూ. కారణం ఏమైనా మిగిలిందా?"

మిగల్లేదు. వర్షపాతం ఫైలు పోయింది మెషిను లోపం వల్లనే, ఆపరేటరు తప్పు లేదు, పాత మెమో రద్దు చేస్తున్నాను అని త్యాగరాజు తన చేత్తోనే రాశాడు. సంతకం పెట్టి, మొహం చూడకుండా కాగితం చాచాడు.

మల్లేశం చెయ్యి చాచలేదు.

"రీడ్ బ్యాక్, సారు."

త్యాగరాజు ప్రొఫెసరు వైపు చూశాడు. ప్రొఫెసరు కిటికీ వైపు చూస్తున్నాడు. ఛాయాదేవి టైపు మిషను మీంచి వేళ్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. త్యాగరాజు చదివాడు. తేదీతో సహా, మొత్తం, గదంతా వినేలా చదివాడు.

"కరెక్ట్" అన్నాడు మల్లేశం, అప్పుడు తీసుకున్నాడు.