ఘాట్ రోడ్డు మీద టైరు చెక్క

ఆగండి, పేజీ తిప్పకండి, రెండు నిమిషాలు నా మాట వినండి. నాకిప్పుడు చచ్చేంత భయంగా ఉంది, చెప్పుకోడానికి మీరు తప్ప ఎవరూ లేరు.

నేను ఒక తుమ్మచెక్కను. ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా ఉంటాను. ఎత్తు మీద ఆపిన బండి వెనక్కి జారకుండా టైరు కింద పెడతారే, అదే నేను. అనకాపల్లి దగ్గర ఒక కోతమిల్లులో పుట్టాను. దూలానికి పనికిరానని పక్కన పడేస్తే, ఒక లారీ డ్రైవరు ఏరుకుని ఈ ఆకారానికి చెక్కించుకున్నాడు. పదేళ్లు బెల్లం లారీని ఆపాను. ఆయన లారీ మానేశాక నన్ను బావమరిది పైడిరాజు చేతిలో పెట్టాడు. పైడిరాజుది విశాఖపట్నం, టూరిస్టు వ్యాను నడుపుతాడు.

అప్పట్నుంచీ అరకు ఘాట్ రోడ్డే నా ఇల్లు. మనుషులు భలే వింతగా ఉంటారండీ. కొండని ఫొటో తీస్తారు, లోయని తీస్తారు, కాల్చిన మొక్కజొన్న పొత్తుని కూడా నాలుగు వైపుల నుంచీ తీస్తారు. వాళ్లు లోయలో పడకుండా పట్టుకున్న నన్ను మాత్రం ఒక్కరూ తీయరు. సరే, నాకదేం బాధ లేదు, నా మీద టైరు ఆనితే నాకదే చాలు.

ఈసారి ఎక్కింది ఒంగోలు కుటుంబం. నాన్న ఫణీంద్ర, అమ్మ హైమ, పదో తరగతి రాసి వచ్చిన ధరణి, నానమ్మ రత్తమ్మ. ఫణీంద్ర ఊటీ అన్నాడట. సముద్రం, గుహలు, కొండలు, మంచు అన్నీ మన రాష్ట్రంలోనే ఉంటే ఇంకో రాష్ట్రం దేనికని ధరణి రెండు వారాలు ఇల్లు పీకి పందిరేసింది. ఘాట్ రోడ్డులో పెద్దావిడ తట్టుకోలేదని అందరూ అంటుంటే, నానమ్మ బాధ్యత నాదని పట్టుబట్టి మరీ బయల్దేరదీసింది. ఋషికొండ, బొర్రా గుహలు, అరకు, లంబసింగి అని రంగు పెన్నులతో చార్టు రాసి వ్యాను పక్కద్దానికి అంటించింది. వచ్చే ఏడాది గండికోట అని కింద చిన్నక్షరాల్లో కూడా రాసిందండోయ్!

పైడిరాజుకి క్లీనర్ లేడు. అందుకని వెనక తలుపు దగ్గర కూర్చున్న వాళ్లకే నన్ను తీసే పని అప్పగిస్తాడు. ఆ సీటు ధరణిది. హ్యాండ్‌బ్రేకు పాతదని, ఎత్తులో దాన్నొక్కదాన్నీ నమ్మడానికి లేదని ముందే చెప్పాడు.

“అమ్మాయిగారూ, నాను సీట్లో కూకుని తీయమన్నాకే తియ్యండి. ముందు తీసీకండి.”

ధరణి బుద్ధిగా తలూపింది. మూడు చోట్ల అలాగే తీసింది. మూడుసార్లూ బండి అంగుళం కదల్లేదు. అక్కడే వచ్చింది చిక్కు. లోపల పైడిరాజు కాలు బ్రేకు మీద ఉందని వెనకనున్న ఆ పిల్లకెలా తెలుస్తుంది? ఈ చెక్క ఊరికే జాగ్రత్త కోసమని, తీసినా ఏమీ కాదని తీర్మానించేసుకుంది.

నాలుగోసారి ఒక మలుపు పైన ఆగాం. పైడిరాజు టీకి వెళ్లాడు. కడుపులో తిప్పుతోందని రత్తమ్మ లోపలే కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. చార్టూ కిటికీలో నానమ్మా అందరూ పడేలా ఫొటో కావాలని ధరణి అందర్నీ వ్యాను పక్కన నిలబెట్టింది. ఎదురుగా పిట్టగోడ మీద ఫోను నిలబడ్డం లేదు, పడిపోతోంది. అటూ ఇటూ చూసింది. చటుక్కున వంగి నన్ను లాగేసింది.

నన్ను ఫోను వెనక ఆనించి, పది సెకన్లకి టైమరు పెట్టి, పరిగెత్తి అమ్మ పక్కన నిలబడింది.

నేను చూస్తున్నాను. వాళ్లందరి వీపులూ వ్యాను వైపే. పది, తొమ్మిది. వెనక టైరు కింద చిన్న రాయి ఒకటి పొడైంది. ఎనిమిది. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఏడు. నానమ్మ మొహం ఉన్న కిటికీ ఒక జానెడు పక్కకి జరిగింది. వాళ్లు నవ్వుతున్నారు! వెనకేమో మలుపు, మలుపు దగ్గర కూలిన గోడ, అవతలంతా గాలే.

ఫోన్లో తన బొమ్మ చూసుకుంటున్న ధరణికి వెనక నానమ్మ ఉండాల్సిన చోట వేరే అద్దం కనిపించింది.

ఒక్క ఉదుటున వచ్చి నన్ను లాక్కుంది, ఫోను కింద పడింది. టైరు వెంట పరిగెత్తి నన్ను దాని కిందకి తోసింది. ఆ పిల్ల వేళ్లు ఇంకా నా మీదే ఉన్నాయి. దేవుడా, వేళ్లు తియ్యి తల్లీ అని నేను, తియ్యకుండా ఆ పిల్ల. ఆఖరి క్షణంలో తీసింది. అంత బరువూ నా మీదికెక్కింది. నా లోపల ఫట్‌మంది. బండి ఆగింది.

రత్తమ్మ కళ్లు తెరిచింది. “ఏందే, అరకు వచ్చిందా?”

పైడిరాజు టీ గ్లాసు పారేసి పరిగెత్తుకొచ్చాడు. తనే సరిగ్గా పెట్టలేదేమోనని లెంపలేసుకున్నాడు. ఫోను వెనక ఏముందో ఎవరూ గమనించలేదు. కూతురు చూసి చెక్కని లోపలికి తోసింది కాబట్టి సరిపోయిందని ఫణీంద్ర మెచ్చుకున్నాడు. హైమ ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ధరణి చేతులు విడిపించుకుని, కింద పడ్డ ఫోను ఏరుకుంది.

ఇప్పుడు పైడిరాజు సీట్లో కూర్చుని తీయమన్నాడు. ధరణి నన్ను తీసి తిరగేసింది. నా అడుగున పగులు సగం దాకా పాకింది. చూసింది. బాగా చూసింది.

“చెక్క బానే ఉందాండీ? పైన ఇంతకన్నా నిటారు ఎత్తుంది, బండి ఆపాలి.”

ధరణి పగులు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. చెప్పాలంటే ఎలా పగిలిందో చెప్పాలి, నన్నెందుకు లాగిందో చెప్పాలి. నాన్న బండి ఇక్కణ్ణుంచే వెనక్కి తిప్పేస్తాడు. చెప్పకపోతే పై మలుపులో ఈ టైరు కిందే నన్ను మళ్లీ పెడతారు, ఈసారి నేను ఆపలేను. లోపల్నుంచి నానమ్మ, వచ్చి పక్కన కూర్చోమని పిలుస్తోంది.

ఆ చెయ్యి మీదైతే, మీరేం చేస్తారు?