ఎలుగుబంటి ముందే కరిగిన ఏడు

ఎదురు కొండ నడుమ ఎలుగుబంటి ఆకారంలో నిలిచే మంచు కరిగిందంటే, పైన కనుమ దారి తెరుచుకున్నట్టే. ఆ లోయలోని గద్దీ కాపరులందరికీ అదే గుర్తు. ఈసారి ఎలుగుబంటి నెల ముందే మాయమైంది.

"మందను లేపరా తుల్సూ," అన్నాడు నర్దూ. "ఇంకా కూర్చుంటే కనుమ అవతలి పచ్చికంతా ఆ పక్క మంద మచ్లూగాడి మేకలు నాకేస్తాయి."

తుల్సూ కదల్లేదు. అక్క మొగుడికి ఎదురు చెప్పడం అతనికి అలవాటు లేదు. కానీ నిన్న పైకి వెళ్లి చూసొచ్చింది అతనే.

"బావా, చలికాలమంతా ఇక్కడ వానే కదా కురిసింది. కింద మంచే సరిగ్గా పడకపోతే ఎలుగు ఎన్నాళ్లు నిలుస్తుంది? పైన మాత్రం నడుం లోతుంది. పాత మంచు మీద మొన్న కొత్తది పడింది. కాలేస్తే లోపల డొల్లగా మోగుతోంది."

"మీ అక్క కూడా ఇంత పిరికిది కాదురా! మా తాత, మా నాన్న ఎలుగును చూసే కదిలారు. ఒక్క గొర్రె పోలేదు."

"వాళ్లప్పుడు కిందా పైనా ఒకేలా పడేది బావా."

"గొర్రెలు ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీక్కు తింటున్నాయి. వాటికి చెప్పు ఆ మాట."

తుల్సూ మందను లేపాడు. బావను ఒంటరిగా పంపలేక వెంట నడిచాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి కనుమ కిందికి చేరారు. అక్కడి నుంచి ఎవరూ నోరు విప్పరు, ఈల వేయరు. మనిషి గొంతు వింటే మంచు లేస్తుందని వాళ్ల భయం. మేకల మెడ గంటల్లో ఉన్ని కుక్కారు.

ముందు నడిచే మేకపోతు ఏటవాలు అంచున ఆగిపోయింది. నర్దూ దాని కొమ్ము పట్టుకుని మంచులోకి ఈడ్చాడు. వెనక బండ మీదున్న తుల్సూ తలెత్తి చూశాడు. పైన తెల్లటి మంచు మీద సన్నటి నీలి గీత. చూస్తుండగానే అది పొడుగైంది.

కేకను గొంతులోనే నొక్కేశాడు. రాయి తీసి విసిరాడు. వీపుకు తగిలింది. నర్దూ తిరిగాడు. తుల్సూ రెండు చేతులూ ఊపాడు. వచ్చెయ్, వచ్చెయ్. నర్దూ కోపంగా పెదవుల మీద వేలు పెట్టి, మళ్లీ పోతు వైపు తిరిగాడు.

గీత తెగింది.

తుల్సూ కూలిన మంచును చేతికర్రతో తవ్వాడు. అది విరిగాక వేళ్లతో తవ్వాడు. పోతు దొరికింది, చచ్చి. దాని కొమ్ము మీద బావ చెయ్యి లేదు.

పొద్దు వాలింది. తుల్సూ లేచి, ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"బావా!"

గొంతు చీరుకుపోయేదాకా అరుస్తూనే ఉన్నాడు. కనుమకు రెండు వైపులా ఇంకా వేలాడుతున్న మంచులోంచి ఒక్క పలుకు కూడా రాలలేదు.